ఆ రెండో పేరు కూడా చెప్పు

చిట్టితల్లీ,

కాలేజీలో మాట్లాడటానికి చరిత్రలో గొప్ప రచయిత్రుల, ఉద్యమకారిణుల పేర్లు కొన్ని పంపమన్నావు. పంపుతున్నాను. అయితే వాటిని వరసగా చదివెయ్యకుండా జతలుగా చెప్పు. ఆడవాళ్లు ఎప్పుడూ రాస్తూనే ఉన్నారు, అన్యాయం మీద గొంతెత్తుతూనే ఉన్నారు. అందులో మన దాకా చేరినవాటి వెనక చాలాసార్లు ఇంకో ఆడమనిషి ఉంటుంది. ఆ రెండో పేరు ఎవరూ చెప్పరు.

హారియెట్ జేకబ్స్ అమెరికాలో బానిసగా పుట్టింది. యజమాని ఇంట్లో వేధింపులు పడలేక పారిపోయి, అమ్మమ్మ ఇంటి అటక మీద దాదాపు ఏడేళ్లు దాక్కుంది. ఆ చోటు ఎత్తు మూడడుగులే. లేచి నిలబడే వీల్లేదు. కింద తన పిల్లల గొంతులు వినపడుతున్నా పలకడానికి లేదు. 1842లో బానిసత్వం లేని ఉత్తరాది రాష్ట్రాలకు తప్పించుకుని, 1861లో తన కథను మారుపేరుతో అచ్చు వేసింది. ఆ తర్వాత చాలాకాలం పండితులు దాన్ని కల్పిత కథ అనే అనుకున్నారు. జీన్ ఫేగన్ యెల్లిన్ అనే పరిశోధకురాలు పాత ఉత్తరాలు వెదికి వెదికి, అది నిజంగా జేకబ్స్ రాసుకున్న జీవితమేనని రుజువు చేసింది. 1987లో దాన్ని ఆమె పేరుతోనే మళ్లీ వెలువరించింది. ఎంత ఓపిక కావాలో ఆలోచించు!

మన ముద్దుపళని గురించి మాత్రం కాస్త తీరిగ్గా చెప్పు. 18వ శతాబ్దంలో, తంజావూరు ఆస్థానంలో ఆమె రాసిన రాధికా సాంత్వనములో శృంగారాన్ని స్త్రీ వైపు నుంచి, బెరుకు లేకుండా చెప్పింది. తర్వాత అచ్చయిన ప్రతిలో ఆమె వంశం గురించిన పద్యాలు ఎగిరిపోయాయి. గాయని బెంగుళూరు నాగరత్నమ్మ అసలు ప్రతి సంపాదించి, 1910లో కావ్యం మొత్తాన్ని అచ్చు వేయించింది. మగకవులు ఇంతకన్నా పచ్చిగా రాస్తే రాని అభ్యంతరం ఆడది రాస్తే ఎందుకొచ్చిందని నిలదీసింది కూడా. ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. ఆ నిషేధం పోవడానికి ముప్పై ఏళ్ల పైనే పట్టింది.

రష్యన్ కవయిత్రి అన్నా అఖ్మతోవా కొడుకుని స్టాలిన్ కాలంలో జైల్లో పెట్టారు. ఆ దుఃఖంలో రాసిన కవితలు ఇంట్లో దొరికితే ప్రాణాపాయం. అందుకని కాగితం మీద రాసి స్నేహితురాలు లిడియా చుకోవ్‌స్కయాకి చూపించేది. ఆమె కంఠతా పట్టగానే కాగితం కాల్చేసేవాళ్లు. ఆ కవితలు ఆ దేశంలో అచ్చయింది 1987లో. చుకోవ్‌స్కయా కూడా రచయిత్రే. అసమ్మతివాదుల పక్షాన నిలబడినందుకు 1974లో రచయితల సంఘం నుంచి ఆమెను వెలివేశారు.

ఇక అమెరికా నల్లజాతి పాత్రికేయురాలు ఐడా బి. వెల్స్. నల్లజాతివాళ్లను మూకలు చంపడం మీద రాసినందుకు 1892లో మెంఫిస్‌లో ఆమె పత్రికాఫీసుని ధ్వంసం చేశారు. అయినా రాయడం ఆపలేదు. 1931లో చనిపోయేనాటికి ఆత్మకథ ఒక వాక్యం మధ్యలో ఆగిపోయింది. దాన్ని కూతురు ఆల్ఫ్రెడా డస్టర్ సరిదిద్ది 1970లో వెలుగులోకి తెచ్చింది. అంటే తల్లి పోయిన 39 ఏళ్లకు!

నీకిచ్చిన టైమ్ చాలకపోతే అఖ్మతోవాని వదిలెయ్. వెల్స్‌ని మాత్రం తియ్యకు. మాట్లాడే ముందు టెన్షన్ పడకు, పేర్లు పలకడం నాలుగైదుసార్లు ప్రాక్టీస్ చేసుకో.

ప్రేమతో,
అమ్మ