ఆ డబ్బు ఇప్పుడే కట్టకమ్మా

గుంటూరు,
ఆదివారం రాత్రి.

అమ్మలూ,

శనివారం కొట్లో నీ కౌంటర్ దగ్గర 2,340 రూపాయలు తక్కువొచ్చాయని, సోమవారం తెచ్చి కట్టమన్నారని చెప్పి నువ్వు ఫోన్ పెట్టేశాక మీ అమ్మ బీరువాలో చీరల కింద దాచుకున్న డబ్బు తీసి లెక్కపెట్టింది. 2,340 రూపాయలే కదా, పొద్దున్నే పంపేద్దాం, పిల్ల ఏడవకుండా ఉంటుంది అంది. నేను వద్దన్నాను. మీ అమ్మకు నామీద కోపం వచ్చింది, అన్నం కూడా పెట్టకుండా పడుకుంది. నీకూ కోపం రావచ్చు. హాస్టల్ గదిలో నలుగురి మధ్య ఫోన్‌లో చెబితే సగం నీ చెవిన పడదని ఇదంతా కాగితం మీద పెడుతున్నాను. రేపు ఆరింటి బస్సుకు విజయవాడ వస్తున్న పక్కింటి అబ్బాయి నీకు అందిస్తాడు. డ్యూటీకి వెళ్లే ముందు ఒకసారి నిదానంగా చదువు.

నువ్వు తీశావా అని నేను అడగలేదు, అడగను. నిన్ను పెంచింది మేమే. కానీ ఫోన్‌లో నువ్వన్న మాట ఒకటి నన్ను పట్టుకుని వదలడం లేదు. 'నా కౌంటర్‌లో తక్కువొచ్చింది కాబట్టి నేనే కట్టాలి కదా నాన్నా' అన్నావు. సరిగ్గా ఈ మాటే 1997లో నేనూ అనుకున్నాను.

నీకు ఎప్పుడూ చెప్పలేదు. అప్పుడు పట్నంబజారులో ఒక బట్టల కొట్లో గల్లా దగ్గర కూర్చునేవాణ్ణి. జీతం 1,200. దసరా ముందు కొట్టు కిటకిటలాడుతోంది. రాత్రి గల్లా లెక్క వేస్తే 1,800 తక్కువొచ్చింది. మళ్లీ వేశాం, మళ్లీ అంతే. 'కూర్చున్నది నువ్వేగా' అన్నాడు యజమాని. నేను తల దించుకున్నాను. నిజానికి ఆ రోజు గల్లా దగ్గర నేనొక్కణ్ణే లేను. భోజనానికి వెళ్లినప్పుడు ఆయన బావమరిది కూర్చున్నాడు. రిక్షా వాళ్లకు, మూటలు దించిన వాళ్లకు, టీలకు అందులోంచే ఇచ్చాం, ఒక్కదానికీ చీటీ లేదు. ఇవన్నీ తెలిసి కూడా నోరు విప్పలేదు. తెల్లకాగితం తెచ్చి, 'నేను వాడుకున్న 1,800 రూపాయలు నెలకు 150 చొప్పున జీతంలో తీరుస్తాను' అని రాయించుకున్నారు. సంతకం పెట్టాను.

పన్నెండు నెలలు కోశారు. మీ అమ్మ దుద్దులు లాలాపేటలో తాకట్టు పెట్టాల్సి వచ్చింది. వాటిని ఎలాగో విడిపించుకున్నాం. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఆ కాగితంలోని 'వాడుకున్న' అనే మాట. నేను వాడుకోలేదు. తర్వాత ఇంకో కొట్లో పని అడగడానికి వెళ్తే, వాళ్లకు ఆ కాగితం సంగతి అప్పటికే తెలిసిపోయింది. అందుకని అమ్మలూ, రేపు నీ ముందు ఏ కాగితం పెట్టినా, ఏం రాసి ఉందో పూర్తిగా చదవకుండా సంతకం పెట్టకు. ఖాళీ కాగితం మీదైతే చచ్చినా పెట్టకు.

నేను పద్దులు రాసిపెట్టే వకీలుగారు బ్రాడీపేటలో ఉన్నారు కదా, సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లి కూర్చున్నాను. ఆయన చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తున్నాను. ఇప్పుడు జీతాల విషయంలో 2019లో చేసిన వేతనాల కోడ్ అనే చట్టం ఉంది. అది 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. జీతంలో ఏమేం కోయవచ్చో అందులో లెక్కగా రాసి ఉంది, యజమానికి తోచినట్టు కోయడానికి లేదు. నువ్వు లెక్క చెప్పాల్సిన డబ్బు పోయినప్పుడు కోయవచ్చు. అయితే ఆ నష్టం నేరుగా నీ నిర్లక్ష్యం వల్లో, నీ తప్పు వల్లో జరిగి ఉండాలి. తక్కువ రావడం వేరు, నీ వల్ల తక్కువ రావడం వేరు. కోసే ముందు నీ సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. పోయినదానికంటే ఒక్క రూపాయి ఎక్కువ కోయకూడదు. అన్ని రకాల కోతలూ కలిపినా ఆ నెల జీతంలో సగం దాటకూడదు. కోతలకు ఇలాంటి హద్దులు 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలోనే ఉన్నాయట. ఆ మాట విన్నప్పుడు నాకు కాసేపు నోట మాట రాలేదు.

ఇంకొకటి చెప్పారు, ఇది నీకు ముఖ్యం. మీ మేనేజర్ 'జీతంలో కోయడం ఎందుకు, సోమవారం ఇంటి నుంచి తెచ్చి గల్లాలో వేసెయ్' అన్నాడన్నావు. అలా అయితే కోత కాదని వాళ్ల లెక్క కాబోలు. ఉద్యోగి తన చేత్తో యజమానికి కట్టిన డబ్బు కూడా జీతంలో కోతగానే చూడాలని చట్టంలో ఉంది. చేరేటప్పుడు 'షార్ట్ వస్తే నేనే భరిస్తాను' అని ఫారం మీద సంతకం చేశానని భయపడుతున్నావు కదా. చట్టం ప్రకారం నీకు రావాల్సిన సొమ్ము వదులుకుంటున్నానని రాసిచ్చిన ఒప్పందం చెల్లదు. ఈ విషయం వకీలుగారిని రెండుసార్లు అడిగి రూఢి చేసుకున్నాను.

ఇక ఆ శనివారం లెక్క. నువ్వు చెప్పినదాన్ని బట్టి నాకు అనుమానాలున్నాయి. పొద్దున్న కౌంటర్ తెరిచేటప్పుడు ఇచ్చిన చిల్లరను నీ ఎదురుగా లెక్కపెట్టారా? మధ్యాహ్నం పెద్దనోట్లు పట్టుకెళ్లినప్పుడు ఎంత తీసుకున్నారో స్లిప్ ఇచ్చారా? నువ్వు భోజనానికి వెళ్లినప్పుడు నీ లాగిన్ మీదే ఇంకో ఇద్దరు బిల్లులు కొట్టారన్నావు. ఒకే పాస్‌వర్డ్ ముగ్గురు వాడితే తప్పు ఎవరిదని తేలుస్తారు? పైగా శనివారం సాయంత్రం రద్దీలో కస్టమర్ ఫోన్‌పే చేస్తే మెషిన్‌లో క్యాష్ అని నొక్కడం ఎంత తేలికో నీకే తెలుసు. అలా జరిగి ఉంటే గల్లాలో తక్కువ, బ్యాంకు ఖాతాలో ఎక్కువ కనబడుతుంది. కొట్టుకు రూపాయి పోయి ఉండదు. ఆ డబ్బు నీ దగ్గర వసూలు చేస్తే వాళ్లకు రెండుసార్లు ముట్టినట్టు. కాబట్టి ఆ రోజు క్యూఆర్ కోడ్ మీద వచ్చిన మొత్తం, కార్డుల మొత్తం, బిల్లుల రిపోర్టు పక్కపక్కన పెట్టి చూడమని అడుగు. రద్దు చేసిన బిల్లులు, వెనక్కి తీసుకున్న సరుకు బిల్లులు కూడా చూడాలి.

పోయిన నెలలో ఒకరోజు 310 రూపాయలు ఎక్కువొచ్చిందని నువ్వే చెప్పావు. ఆ డబ్బు నీ చేతిలో పెట్టారా? ఎక్కువొస్తే కొట్టుది, తక్కువొస్తే నీది అనడం ఏం న్యాయం?

రేపు నోటితో వాదించకు. నువ్వు టెన్షన్ పడితే మాట తడబడుతుంది, నాకు తెలుసు. ఒక కాగితం మీద ఇలా రాసివ్వు. 'శనివారం నా కౌంటర్‌లో 2,340 రూపాయలు తక్కువ వచ్చాయని చెప్పారు. ఆ రోజు నా లాగిన్ మీద నేను కాక ఇంకో ఇద్దరు బిల్లులు కొట్టారు. బిల్లుల రిపోర్టు, ఫోన్‌పే, కార్డు రిపోర్టులు, సీసీటీవీ చూసి, నా ఎదుట లెక్క తేల్చమని కోరుతున్నాను. నా సంజాయిషీ వినకుండా జీతంలో కోయవద్దని మనవి.' తేదీ వేసి, ఫోన్‌లో ఫోటో తీసుకుని ఇవ్వు. మేనేజర్‌కు వాట్సాప్‌లో కూడా పంపు. సీసీటీవీ మాట మాత్రం రేపే అడగాలి, రోజులు గడిచే కొద్దీ పాత రికార్డింగు చెరిగిపోతుంది.

లెక్కంతా చూశాక, నువ్వే ఎవరికో చిల్లర ఎక్కువ ఇచ్చావని తేలితే మాత్రం దాచకు. ఒప్పుకో. అంతవరకు కోయడానికి వాళ్లకు హక్కుంది, నెలనెలా కొంచెం కొంచెంగా కోయమని అడుగుదాం. నీ చేత అబద్ధం ఆడించడానికి నేను ఇదంతా రాయడం లేదు.

పోలీసు కేసు పెడతామని బెదిరిస్తే గాభరా పడకు. దొంగతనం అనాలంటే దురుద్దేశంతో తీసి ఉండాలి. గల్లా లెక్క కుదరకపోవడం ఒక్కటే దొంగతనం అయిపోదు. మానేయమంటే, చేసిన రోజుల జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి, షార్ట్ పేరు చెప్పి మొత్తం ఆపేయడానికి లేదు. అంతదాకా వస్తే విజయవాడలోనే కార్మిక శాఖ ఆఫీసు ఉంది, నేను వచ్చి నీతో నడుస్తాను. ఇలాంటి కోత మీద ఫిర్యాదు పెట్టడానికి 3 సంవత్సరాల గడువుంది. ఇవ్వాల్సింది ఇచ్చామని నిరూపించుకోవాల్సింది కూడా యజమానే. ఆడపిల్లలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఆ నంబరు 15100, ఫోన్‌లో సేవ్ చేసుకో.

అన్నట్టు, చేరేటప్పుడు నీ టెన్త్ సర్టిఫికెట్ ఒరిజినల్ వాళ్ల దగ్గర పెట్టావా? నాకు గుర్తు లేదు. పెట్టి ఉంటే రేపే చెప్పు. దాన్ని అడ్డం పెట్టుకుని డబ్బు అడిగే రోజు రాకముందే వెనక్కి తెచ్చుకోవాలి.

బుధవారం నాకు పని లేదు. నువ్వు రమ్మంటే పొద్దున్నే వచ్చి బెంజి సర్కిల్ దగ్గర ఉంటాను, నీ డ్యూటీ మొదలయ్యే ముందు ఇద్దరం కలిసి మేనేజర్‌ను కలుద్దాం. వద్దంటే రాను. ఇది నీ ఉద్యోగం, నువ్వు ఎలా చెబితే అలా.

కవర్లో వెయ్యి రూపాయలు పెట్టాను. మీ అమ్మ లెక్కపెట్టిన డబ్బులోవే అవి. నేను ఈ ఉత్తరం రాస్తుంటే లేచి వచ్చి చదివి, మాట్లాడకుండా తెచ్చి నా పక్కన పెట్టింది. హాస్టల్ మెస్‌కు కట్టు. ఇందులోంచి కొట్టుకు మాత్రం ఒక్క రూపాయి ఇవ్వకు.

మీ
నాన్న