‘ఎలుకల్లో’ అన్న మాట శీర్షికలోనే వేయండి

సంపాదకులకు నమస్కారం.

‘మెదడు క్యాన్సర్‌కు మందు దొరికింది’ అని మొన్న మీ పత్రికలో పెద్ద అక్షరాలతో ఒక వార్త వచ్చింది. అలాంటి వార్తలను నేను కింది నుంచి పైకి చదువుతాను. ఆఖరి పేరాలో, నేను అనుకున్నచోటే ఉంది: ‘ఎలుకలపై జరిపిన ప్రయోగంలో’.

ఈ అలవాటు మా అన్నయ్య జబ్బుతో వచ్చింది. అతనికి గ్లియోబ్లాస్టోమా, అంటే మెదడులో వేగంగా పెరిగే ఒక క్యాన్సర్. ఆపరేషన్ తర్వాత కుడిచెయ్యి పట్టు తప్పింది. ఎడమచేత్తోనే పేపరు మడిచి, ఇలాంటి వార్త కనబడితే చుట్టూ పెన్నుతో వంకరటింకరగా గీత గీసేవాడు. వదిన కత్తిరించి ఎమ్మారై రిపోర్టుల ఫైల్లో పెట్టేది. డాక్టరుగారు విసుక్కోకుండా చివరిదాకా చదివి, ఒక వాక్యం కింద వేలు పెట్టి, ‘ఇదింకా ఎలుకల దగ్గరే ఉందమ్మా’ అనేవారు. అన్నయ్యకు మాట తడబడేదే గానీ వినేది బాగానే అర్థమయ్యేది. మూడుసార్లు అలా జరిగాక, నాలుగో కాగితాన్ని వదిన డాక్టరు దాకా తీసుకెళ్లనే లేదు.

ఎలుకల మీద ప్రయోగాలు వద్దని నేననడం లేదు. అవి లేకుండా మందు మనిషి దాకా రాదు. కానీ ప్రయోగాల్లో వాడే చిట్టెలుక మెదడు అర గ్రాము కూడా ఉండదు, మనిషిది సుమారు 1,400 గ్రాములు. బరువు సంగతి అలా ఉంచండి. ప్రయోగశాలల్లో విరివిగా వాడే యు87 అనే కణాలున్నాయి. 1960లలో స్వీడన్‌లోని ఉప్సలాలో ఒక రోగి కణితి నుంచి తీసి పెంచినవని వాటికి పేరు. ఇప్పుడు అందరూ వాడుతున్నవి అసలు ఆ రోగివి కావని 2016లో డీఎన్ఏ పరీక్షలో తేలింది! పైగా వాటిని ఎలుక మెదడులో పెడితే గోళీలాగా ఒకచోట గుండ్రంగా పెరుగుతాయి. మనిషిలో గ్లియోబ్లాస్టోమా అలా ఉండదు. వేళ్లు పారినట్టు మంచి కణజాలంలోకి చొచ్చుకుపోతుంది, ఎక్కడిదాకా కోయాలో సర్జన్‌కు అంచు దొరకదు. దీనికి తోడు మెదడు రక్తనాళాల గోడలు చాలా మందులను లోపలికే రానివ్వవు. ఎలుకలో గెలిచిన మందు ఇన్ని దాటాలి.

దాటినప్పుడు లెక్క ఎలా ఉంటుందో 2005లో చూశాం. గ్లియోబ్లాస్టోమా ఉన్న 573 మంది మీద జరిగిన పరీక్షలో, రేడియేషన్ ఒక్కటే ఇచ్చినవారి మధ్యగత ఆయుష్షు, అంటే సగంమంది దాటిన కాలం, 12.1 నెలలు. టెమోజోలమైడ్ అనే కీమో మాత్రలు కూడా ఇస్తే 14.6. తేడా రెండున్నర నెలలు. శీర్షికకు పనికొచ్చే అంకె కాదు. కానీ రెండేళ్ల తర్వాత బతికున్నవారు నూటికి పది మంది నుంచి ఇరవై ఆరు మందికి పెరిగారు. ఈనాటికీ చికిత్సకు ఆధారం అదే. ఆ రెండున్నర నెలల విలువ మా ఇంట్లో అడిగితే చెబుతాం.

ఆశ వమ్మైన కథలూ ఉన్నాయి. బెవాసిజుమాబ్ అనే మందుతో స్కానింగుల్లో కణితి తగ్గినట్టు కనిపించింది, 2009లో అమెరికాలో అనుమతీ వచ్చింది. కొత్తగా జబ్బు బయటపడినవారికి మొదటి నుంచే ఇచ్చి చూస్తే ఆయుష్షు పెరగలేదని 2014లో రెండు పెద్ద పరీక్షలు తేల్చాయి. ఈ రెండో వార్తను కూడా మొదటిదంత పెద్దగానే వేయాలి కదా.

మంచి కబురు వద్దని కాదు, కొలతతో చెప్పమంటున్నాను. 2024లో అమెరికాలో అనుమతి పొందిన వొరాసిడెనిబ్ అనే మందు సంగతే చూడండి. నెమ్మదిగా పెరిగే, ఐడీహెచ్ అనే జన్యువులో మార్పు ఉన్న గ్లియోమాలకు (ఒక రకం మెదడు కణితులకు) అది వాడతారు. 331 మందితో జరిగిన పరీక్షలో జబ్బు ముదరకుండా గడిచిన కాలం ఉత్తుత్తి మాత్రతో 11.1 నెలలైతే, ఈ మందుతో 27.7 నెలలు. ఇది నిజంగా పెద్ద వార్త. అయినా మా అన్నయ్యకొచ్చిన జబ్బుకు పనిచేసే మందు కాదు. ఆ ముక్క మొదటి వాక్యంలోనే ఉంటే ఎంతమందికి తిరుగుడు తప్పుతుందో. అల్జీమర్స్‌ వార్తలదీ ఇదే తంతు. లెకానెమాబ్ అనే మందు క్షీణతను 27 శాతం నెమ్మదింపజేసిందని రాస్తారు. జ్ఞాపకశక్తినీ రోజువారీ పనులనూ అంచనా వేసే 18 పాయింట్ల కొలతలో ఆ తేడా 0.45 అనీ, పోయిన జ్ఞాపకం తిరిగిరాదనీ, కొందరికి మెదడులో వాపు, రక్తస్రావం వస్తాయనీ కూడా అక్కడే రాయాలి.

ప్రయోగం ఎవరి మీద జరిగిందో, ఎంతమంది మీదో, ఏ రకం కణితికో శీర్షికలోనో దాని కిందనో వేయండి. ‘ఎలుకల్లో’ నాలుగక్షరాలే, చోటు సరిపోదనే బెంగ అక్కర్లేదు.

మొన్నటి వార్తకు సవరణ కూడా వేయండి, ఏ పేజీలోనైనా సరే. ఆ కాగితం ఈపాటికి ఎవరింట్లోనో కత్తిరించి ఫైల్లో పెట్టుకునే ఉంటారు. వాళ్లు మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లేలోగా సవరణ కనబడితే బాగుంటుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు