ఆ చిప్‌ని తిట్టకురా

ఒరేయ్ రవీ,

"సోలార్ ప్యానెల్‌తో బ్యాటరీ నింపుదామంటే ఎర్ర లైటు టకటకా కొట్టుకుంటోంది, మూడో చార్జర్ చిప్ కూడా పోయింది" అని రాశావు చూడు, నవ్వాగలేదు. పోలేదురా అది! పోయినేడాది నేనూ ఇలాగే రెండు మంచి చిప్‌లు పీకి పడేశాక గానీ వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ గుర్తురాలేదు. అడాప్టర్ దగ్గర 5 వోల్టులు నిక్షేపంలా ఉన్నాయి. తీరా చిప్ కాళ్ళ మీద పెట్టి చూస్తే 4.1! మిగతాదంతా కేబుల్ మింగేసింది. నాది రెండు మీటర్ల సన్న తీగ. అలాంటి తీగకి కరెంటుని అడ్డుకునే రెసిస్టెన్స్ మీటరుకి సుమారు 0.21 ఓమ్ ఉంటుంది. కరెంటు పోవడానికి రెండు మీటర్లు, తిరిగి రావడానికి రెండు, మొత్తం 0.84 ఓమ్. ఒక ఆంపియర్ లాగితే ముప్పావు వోల్టు పైనే దారిలో పోయింది.

మనం వాడే టీపీ 4056 లాంటి లీనియర్ చార్జర్ చిప్ వోల్టేజీని తగ్గించగలదే తప్ప పెంచలేదు. బ్యాటరీ 4.2 వోల్టుల దాకా నిండాలంటే ఇన్‌పుట్, అంటే చిప్‌కి అందే వోల్టేజీ, దానికంటే కాస్త ఎక్కువే ఉండాలి. ఆ కాస్త ఎంతన్నది కరెంటుని బట్టి ఉంటుంది.

నీది సోలార్ ప్యానెల్ కాబట్టి ఇంకో తిరకాసుంది. మంచి ఎండలో అది 200 మిల్లీ ఆంపియర్లు ఇస్తుందన్నావు. చిప్ ఏమో 1000 అడుగుతోంది. అంతే, ప్యానెల్ వోల్టేజీ కుప్పకూలుతుంది. ఇన్‌పుట్ దాదాపు బ్యాటరీ వోల్టేజీకి దిగగానే చిప్ తనంతట తనే ఆగిపోతుంది. అలా భారం తగ్గగానే ప్యానెల్ మళ్ళీ లేస్తుంది, చిప్ మళ్ళీ అడుగుతుంది, మళ్ళీ కూలుతుంది. నీ ఎర్ర లైటు టకటకా కొట్టుకోవడం అదే. ఇన్‌పుట్‌లో కరెంటుని కాసేపు దాచుకునే పెద్ద కెపాసిటర్ వేశానన్నావు కదా, దాంతో ఆ కొట్టుకోవడం నెమ్మదిస్తుందేమో గానీ రోగం కుదరదు.

ఆశ తగ్గించుకోవాలి, అంతే. చిప్ ఎంత కరెంటు లాగాలో నిర్ణయించే కాలు, అదే ప్రోగ్ పిన్, దాని దగ్గరున్న 1.2 కిలో ఓమ్ రెసిస్టర్ తీసేసి 10 కిలో ఓమ్ పెట్టు. కరెంటు 130 మిల్లీ ఆంపియర్ల దగ్గరికి వస్తుంది. ప్యానెల్ ఆ మాత్రం మోయగలదు. మబ్బు పట్టినప్పుడు మళ్ళీ కొట్టుకుంటుంది, టెన్షన్ పడకు. కేబుల్‌తో చార్జ్ చేసేవాళ్ళకైతే పొట్టి, మందపాటి తీగ మార్చుకుంటే చాలు.

ఇన్‌పుట్ తక్కువైతే ఒక లాభమూ ఉందిరోయ్. చిప్ వేడెక్కదు. 5 వోల్టుల నుంచి 3.7 బ్యాటరీకి ఒక ఆంపియర్ పంపితే 1.3 వాట్లు చిప్ మీదే కాలిపోతాయి. వేలు పెట్టి చూశాను, మళ్ళీ పెట్టను. అదే ఇన్‌పుట్ 4.2 ఉంటే అర వాటే.

ఇన్‌పుట్ మరీ తక్కువైన రోజు, నిండిందని చెప్పే పచ్చ లైటు వెలగకపోవచ్చు, బ్యాటరీ 4.1 దగ్గరే ఆగిపోవచ్చు. ఆగనీ. అప్పటికే సుమారు 90 శాతం నిండినట్టే, పైగా లిథియం సెల్ ఎక్కువకాలం బతుకుతుంది.

రెసిస్టర్ మార్చాక, చార్జ్ అవుతుండగానే చిప్ కాళ్ళ దగ్గర ఎంత వస్తోందో కొలిచి రాయి. ఆ పీకేసిన చిప్‌లు మాత్రం పారేయకు, నాకు పంపు.

నీ,
శీను