వార్షిక నివేదిక: ఉన్నత పాఠశాల విద్యార్థులకు పౌర విద్య

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం చేపట్టిన పనుల్లో ఎక్కువ శ్రమ తీసుకున్నది మన ఊరి ఉన్నత పాఠశాలలో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు నడిపిన పౌర విద్య తరగతులే కనుక, ఈ నివేదికను వాటికే కేటాయిస్తున్నాను.

పిల్లలకు రాజకీయాలెందుకని మొదట్లో కొందరు తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పారు. వారి ఆందోళన సబబైనదే. అందుకే ఏ పార్టీ పేరూ, జెండా, నాయకుడి బొమ్మా తరగతి గదిలోకి రాకూడదని ప్రధానోపాధ్యాయుల సమక్షంలో నియమం పెట్టుకుని, ఏడాది పొడవునా దానికి కట్టుబడి ఉన్నాము.

మొదటి రెండు శనివారాలు, పంచాయతీలకు రాజ్యాంగ హోదా కల్పించిన 73వ రాజ్యాంగ సవరణ గురించి ఉపన్యాసాలిచ్చాము. పిల్లలు శ్రద్ధగా రాసుకున్నారు గాని ఒక్కరూ ప్రశ్న అడగలేదు. పొరపాటు మాదేనని గ్రహించి, మూడో శనివారం పదో తరగతి నాయకుడి ఎన్నికను బ్యాలెట్‌తో జరిపించాము. కిటికీ పక్కన పాత చీర తెరగా కట్టి, ఓటు వేసిన ప్రతి ఒక్కరి ఎడమచేతి చూపుడు వేలికి సిరా చుక్క పెట్టాము. లెక్కింపులో ఒక ముద్ర సరిగ్గా ఇద్దరు అభ్యర్థుల పేర్ల మధ్య గీత మీద పడి ఉంది. అది చెల్లుతుందా లేదా అన్న వాదన ఎన్నిక కన్నా ఎక్కువసేపు సాగింది. చివరకు చెల్లదని తేల్చుకున్నారు; ఒక్క ఓటు తేడాతో ఓడిన అమ్మాయి, ఇకపై నియమాలు లెక్కింపుకు ముందే రాసిపెట్టాలని కోరగా అందరూ ఒప్పుకున్నారు. మేమిచ్చిన ఉపన్యాసాల కన్నా ఆ గంట విలువైనదని నా అభిప్రాయం.

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018 ప్రకారం గ్రామ సభ రెండు నెలలకోసారైనా జరగాలి. తర్వాతి సభకు పిల్లలు పెద్దలతో కలిసి వచ్చి, బడి వెనుక పొంగుతున్న మురుగు కాలువ గురించి తామే రాసిన అర్జీని చదివి వినిపించారు. పని మొదలు కాకపోవడంతో, ఒక విద్యార్థి తండ్రి పేరిట సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తు చేశాము. 30 రోజుల గడువు ఇంకా ముగియలేదు.

పదిహేడేళ్లు నిండినవారు ఓటరు నమోదుకు ముందుగానే ఫారం 6 ఇవ్వవచ్చని మన పూర్వ విద్యార్థుల్లో చాలామందికి తెలియదు. జనవరి 25, జాతీయ ఓటర్ల దినోత్సవం నాడు వారికోసం బడిలోనే సహాయ కేంద్రం పెట్టదలచాము. దరఖాస్తులు నింపడంలో తోడ్పడగల సభ్యులు తమ పేర్లను కార్యదర్శికి తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.