అమ్మ బైబిల్లో పెన్సిల్ గీత

చిన్నా,

వందనాలు రా. నీ మెసేజ్ పొద్దున్నే చూశాను. ఫోన్లో రెండు ముక్కలు టైప్ చేస్తే తేలే విషయం కాదని ఉత్తరమే మొదలుపెట్టాను. ప్రభువు ఫలానా రోజున వచ్చి విశ్వాసుల్ని పైకి ఎత్తుకుపోతాడని చెప్పే ఆ తేదీ వీడియో చూశాక నీకు నిద్ర పట్టలేదన్నావు, అది అర్థమైంది. కానీ పాప కూడా విని "నువ్వు ఎత్తబడితే నేనొక్కదాన్నే ఉండిపోతానా నాన్నా" అని అడిగిందన్నావు చూడు, అక్కడ నా ప్రాణం ఉసూరుమంది.

ముందు తేదీ సంగతి. 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని అమెరికా బోధకుడు విలియం మిల్లర్ అనుచరులు వేలమంది ఎదురుచూశారు. 2011 మే 21 అని అమెరికా రేడియో బోధకుడు హెరాల్డ్ క్యాంపింగ్ ప్రకటించాడు. రెండు రోజులూ మామూలుగానే గడిచిపోయాయి, నమ్మినవాళ్ళ గుండెలు మాత్రం పగిలాయి. మత్తయి 24:36లో కుమారుడు కూడా ఎరుగడని, తండ్రి మాత్రమే ఎరుగునని ఉంది కదా. ఆ గడియను ఇంకెవరూ లెక్కకట్టలేరు. ఆ వీడియో వదిలెయ్.

ఇక అసలు వాక్యం. మనం ఎత్తబడటం అనేది 1 థెస్సలొనీకయులకు 4:17లోది. మన బైబిల్లో "కొనిపోబడుదుము" అని ఉంటుంది. గ్రీకులో ఆ మాట హర్పాజో, అంటే చటుక్కున పట్టి తీసుకుపోవడం. ఎత్తబడటాన్ని ఇంగ్లీషులో రాప్చర్ అంటారే, ఆ పేరు దాని లాటిన్ అనువాదం నుంచి వచ్చింది. ఆ ఒక్క వచనమే పట్టుకుంటే భయమేస్తుంది. 13 నుంచి చదవాలి రా. పౌలు థెస్సలొనీకలో అల్లరి లేచి రాత్రికి రాత్రే వెళ్ళిపోవాల్సి వచ్చింది. అక్కడి విశ్వాసుల్లో కొందరు చనిపోయారు. ప్రభువు వచ్చేనాటికి మా వాళ్ళు మట్టిలో ఉంటారే, వాళ్ళకి ఆ భాగ్యం దక్కదా అని మిగిలినవాళ్ళు కుమిలిపోయారు. వాళ్ళ దిగులు తాము విడువబడతామని కాదు, తమవాళ్ళు దూరమైపోతారని. పాప భయం కూడా తనవాళ్ళకి దూరమైపోతానేమోననే కదా! దానికి పౌలు ఇచ్చిన జవాబు: క్రీస్తునందు మృతులైనవారు మొదట లేస్తారు, తర్వాత మనం "వారితోకూడ ఏకముగా" వెళ్తాం.

అమ్మను సమాధి చేసిన రోజు ఈ వచనాలే చదివారు, నువ్వు నా పక్కనే ఉన్నావు. తర్వాత ఆమె బైబిల్ తీస్తే ఆ రెండు మాటల కింద పెన్సిల్ గీత కనబడింది. "ఏకముగా" దగ్గర ఎంత ఒత్తి గీసిందో, కాగితం అవతలివైపు ఉబ్బింది. వేలు పెడితే ఇప్పటికీ తగులుతుంది. నాన్న పోయాక గీసుకుని ఉంటుంది.

మహాశ్రమలకు, అంటే అంత్యకాలంలో లోకం మీదికొచ్చే గొప్ప కష్టాలకు, ముందు రహస్యంగా ఎత్తబడటం, తర్వాత బహిరంగ రాకడ, ఇలా రెండు దశలుగా విడదీసిన బోధను 1830ల నుంచి జాన్ నెల్సన్ డార్బీ అనే బోధకుడు బాగా వ్యాప్తిలోకి తెచ్చాడు. 1909లో వచ్చిన స్కోఫీల్డ్ బైబిల్ నోట్సుతో అది ఇంటింటికీ చేరింది. శ్రమల మధ్యలో అనేవాళ్ళు, శ్రమల తర్వాత అనేవాళ్ళు కూడా వాక్యాన్ని ప్రేమించేవాళ్ళే. నా మటుకు నాకు రాకడ ఒక్కటే అనిపిస్తుంది. 17వ వచనంలో "ఎదుర్కొనుటకు" అని ఉంది చూడు, యేసు చెప్పిన ఉపమానంలో పదిమంది కన్యకలు పెండ్లికుమారుణ్ణి ఎదుర్కొన వెళ్ళినప్పుడు కూడా గ్రీకులో అదే మాట. వాళ్ళలో సిద్ధంగా ఉన్న ఐదుగురు అతనికి ఎదురెళ్ళి అతనితోపాటే విందులోకి వచ్చారు. అపొస్తలుల కార్యములు 28:15లో రోమా సహోదరులు పౌలుకు ఎదురొచ్చి అతనితో కలిసి రోమాకే నడిచారు. కాబట్టి అది లోకాన్ని వదిలి పారిపోవడంలా కాక, రాజుకి ఎదురెళ్ళడంలా నాకు వినిపిస్తుంది. నువ్వు ఒప్పుకోకపోయినా ఫరవాలేదు.

నిన్ను బాగా భయపెట్టిన మత్తయి 24:40లోని "ఒకడు తీసికొనిపోబడును, ఒకడు విడిచిపెట్టబడును" అన్న మాట కూడా ఒకసారి పై వచనంతో కలిపి చూడు. నోవహు కాలంలో జలప్రళయం కొట్టుకుపోయింది ఎవరిని? మిగిలింది ఎవరు? అందుకే అక్కడ విడిచిపెట్టబడినవాడే క్షేమంగా ఉన్నాడని చెప్పేవాళ్ళూ ఉన్నారు.

18వ వచనం "ఈ మాటలచేత ఒకనినొకడు ఆదరించుకొనుడి" అంటుంది. ఈ రాత్రి పాపని పక్కన కూర్చోబెట్టుకుని 13 నుంచి అక్కడిదాకా నువ్వే పైకి చదువు. "ఏకముగా" దగ్గర కాస్త ఆగు. ఏమందో నాకు రాయి.

నీ
అన్న