ఈకో బండ్ల సైలెన్సర్ దొంగతనాలపై కర్నూలు జిల్లా ఎస్పీ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఎస్పీ గారికి,

నమస్కారం. కర్నూలులో ఈకో బండి, అంటే మారుతి వ్యాను, నడుపుకుని బతికేవాళ్లలో నేనొకణ్ణి. పొద్దున స్కూలు పిల్లలు, పగలు ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి పెద్దాసుపత్రికి వచ్చే పేషెంట్లు, సెలవు రోజుల్లో మంత్రాలయం, మహానంది ట్రిప్పులు. మొన్న ఇంటి ముందు పెట్టిన బండి కింద సైలెన్సర్ రాత్రికి రాత్రే మాయమైంది. దొంగను పట్టుకోమని అడగడం కంటే ముందు, స్టేషన్‌లో నా ఫిర్యాదు ఎట్లా రాయమన్నారో మీకు చెప్పాలి.

"పాత సైలెన్సర్ ఒకటి, విలువ సుమారు మూడు వేలు" అని రాయమన్నారు రైటర్ గారు. ఆయన్ని తప్పు పట్టను. చూడ్డానికి అది తుప్పు పట్టిన ఇనుప గొట్టమే. కానీ ఆ గొట్టానికి ఉబ్బెత్తుగా ఒక డబ్బా ఉంటుంది, అదే క్యాటలిటిక్ కన్వర్టర్. కోసి చూస్తే లోపల తేనెపట్టులా సన్నటి రంధ్రాలున్న పింగాణీ దిమ్మ. ఆ రంధ్రాల గోడలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్, కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్లు వేడెక్కిన ఆ పూత మీదుగా వెళ్లి కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి, నైట్రోజన్‌గా మారి బయటికొస్తాయి. లోహాలన్నీ కలిపినా కొన్ని గ్రాములే. అయితే 2021లో రోడియం ధర ఔన్సు 29 వేల డాలర్ల దాకా పోయింది. అప్పుడు బంగారం ఔన్సు రెండు వేల డాలర్లు కూడా లేదు. రోడియం తర్వాత బాగా తగ్గింది గానీ, దొంగలు మాత్రం రుచి మరిగారు.

దిమ్మను పొడి కొట్టి ఆ పొడిని తూకానికి అమ్ముతారు. ముంబై, గుజరాత్, ఢిల్లీలలో ఈకో సైలెన్సర్ల ముఠాలు పట్టుబడిన వార్తలు కొన్నేళ్లుగా చూస్తూనే ఉన్నాం. బండి కిందికి దూరితే నట్లు చేతికి అందుతాయి, అదే మా ఖర్మ. నేను టార్చి వేసి చూశాను. తుప్పు పట్టిన బోల్టుల మీద స్పానర్ పట్టు పడ్డ చోట మాత్రం తెల్లగా మెరుస్తోంది. ఆక్సిజన్ సెన్సర్ వైరు కోసేశారు, రాగి పోగులు వేలాడుతున్నాయి. రబ్బరు హ్యాంగర్లు మాత్రం చిరగకుండా తీసి పక్కన పెట్టి పోయారు. పని నేర్చినవాడే చేశాడు సార్, ఆకతాయి పిల్లల పని కాదు.

ఇక ఆ మూడు వేల సంగతి. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 303 ప్రకారం దొంగతనానికి మూడేళ్ల దాకా జైలు. అదే సొత్తు విలువ 5,000 రూపాయలకు లోపైతే, మొదటిసారి దోషిగా తేలినవాడు ఆ సొత్తో దాని విలువో తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవతో సరిపోతుంది. పైగా అది నాన్-కాగ్నిజబుల్. అంటే మేజిస్ట్రేటు ఆర్డరు లేకుండా పోలీసులు దర్యాప్తే మొదలుపెట్టలేరు. నాకు షోరూమ్‌వాళ్లు కొత్త అసెంబ్లీకి ఇచ్చిన కొటేషన్ పదుల వేలల్లో ఉంది. బండి పాతదే, ఒప్పుకుంటాను. ఎంత తరుగు తీసినా మూడు వేలకు దిగదు కదా! రైటర్ గారు ఏదో అలవాటు కొద్దీ వేసిన అంకెతో కేసు పుట్టకముందే చచ్చిపోతోంది. ఎఫ్ఐఆర్ లేకపోతే ఇన్సూరెన్స్ వాళ్లు ఫైలు కూడా తెరవరు.

ఇంకో విడ్డూరం ఉంది. కన్వర్టర్ లేని బండికి పొల్యూషన్ సర్టిఫికెట్ రాదు. అది లేకుండా రోడ్డెక్కితే మోటారు వాహనాల చట్టం కింద పది వేల దాకా జరిమానా. పోయిందీ నాదే, ఫైనూ నాకే.

దొంగలను పట్టుకోవడం ఎంత కష్టమో మాకు తెలుసు. తుంగభద్ర బ్రిడ్జి దాటితే తెలంగాణ, బళ్లారి రోడ్డు పట్టుకుంటే కర్ణాటక, ఊరి పక్కనే 44వ నంబరు హైవే. తెల్లారేలోగా సరుకు మూడు రాష్ట్రాల్లో ఎక్కడైనా ఉండొచ్చు. అందుకే కొనేవాడి మీద కన్నేయండి. ఆ పొడితో మామూలు మనిషికి పనేముంది? ఎక్కడో ఒక పాత ఇనప సామాన్ల కొట్టు దాన్ని కొనాల్సిందే. అలవాటుగా దొంగసొత్తు వ్యాపారం చేసేవాళ్లకు అదే న్యాయ సంహిత సెక్షన్ 317(4) కింద యావజ్జీవం దాకా శిక్ష ఉంది. బ్రిటన్‌లోనూ ఈ బెడద ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2013 చట్టంతో స్క్రాప్ లోహానికి నగదు ఇవ్వడమే నిషేధించారు, అమ్మేవాడి గుర్తింపు చూడాల్సిందే. మనకు అలాంటి చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. కన్వర్టర్ ఎవరు తెచ్చినా ఆధార్, బండి నంబరు రిజిస్టర్‌లో రాసుకోవాలని, డబ్బు ఫోన్‌పేలోనో బ్యాంకులోనో వేయాలని కొట్ల యజమానులను స్టేషన్‌కు పిలిచి చెప్పండి. అప్పుడప్పుడు ఆ రిజిస్టర్లు తిరగేయించండి. నిజాయితీగా వ్యాపారం చేసేవాళ్లు కాదనరు.

మా వంతు మేం చేసుకుంటున్నాం. కొందరం వెల్డింగ్ షాపులో ఇనుప చువ్వల జాలీ చేయించి కింద బిగించుకున్నాం. దాంతో దొంగ ఆగడు, కాకపోతే రంపం చప్పుడు చేయక తప్పదు. డబ్బా మీద బండి నంబరు చెక్కిస్తే దొరికిన సరుకు ఎవరిదో తెలుస్తుంది. ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి, వచ్చే బండ్లకు అక్కడే నంబరు చెక్కే ఏర్పాటు చేయమని రవాణా శాఖవారికి మీరు ఒక్క మాట చెబితే, చెక్కినందుకు అయ్యే ఖర్చు మేమే పెట్టుకుంటాం.

స్టేషన్‌లో కేసు కట్టకపోతే ఎస్పీ గారికి పోస్టులో పంపుకోవచ్చని చెప్పే బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 173(4) ప్రకారం నా ఫిర్యాదును షోరూమ్ కొటేషన్‌తో సహా మీ ఆఫీసుకు పోస్టులో విడిగా పంపాను. సైలెన్సర్ అని కాకుండా క్యాటలిటిక్ కన్వర్టర్‌తో కూడిన అసెంబ్లీ అని, అసలు విలువ వేసి కేసు కట్టించండి. ఇదే పోగొట్టుకుని, మూడు వేల కోసం స్టేషన్ చుట్టూ ఏం తిరుగుతాంలే అని ఊరుకున్న డ్రైవర్లు మా స్టాండులోనే ఉన్నారు. మీరు సరేనంటే వాళ్లనూ వెంటబెట్టుకుని వస్తాను.

ఇట్లు,
ఒక ఈకో ఓనర్ కమ్ డ్రైవర్,
కర్నూలు