జీపు డ్రైవరు నుంచి పేపరు రోలు దాకా... అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. నేను తొక్కే సైకిలుకి కిలోమీటరుకి ఇంత అని మీరిచ్చిన డబ్బు, గుండెపోటు వచ్చినప్పుడు నన్ను కాపాడిన చిన్న ఊరి ప్రభుత్వాస్పత్రికి చేరింది. మిషన్లు వచ్చాయి, రసీదులు చేతికొచ్చాయి. ఇక లెక్క చెప్పి దండం పెట్టుకోవడమే మిగిలింది. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. పోయినేడాది చలికాలంలో అరకు దారిలో అనంతగిరి ఘాట్ సైకిలు మీద ఎక్కుతుండగా నాకు గుండెపోటు వచ్చింది. సినిమాల్లోలాగా ఛాతీ పట్టుకుని పడిపోలేదు. దవడ లాగడం మొదలైంది, ఎడమ భుజం బరువెక్కింది, ఆ చలిలో జెర్సీ పిండితే కారేంత చెమట పట్టింది. వెనకాలే వస్తున్న మిత్రుడు నా మొహం చూసి, సైకిలు లాక్కుని, రోడ్డు పక్కన కూర్చోబెట్టాడు.

మొదటి దండం అప్పుడు కిందకి దిగుతున్న సర్వీసు జీపు డ్రైవరుకి. ఫుల్లుగా జనం ఉన్న జీపు. "ఏటయినాది సార్? ముందు ఎక్కీండి, తర్వాత మాటాడుకుందాం" అన్నాడు. ముందు సీట్లో ఉన్న ఒక పెద్దామె ఎవరూ అడక్కుండానే దిగి, అల్లం బస్తా మోసుకుంటూ వెనక్కి వెళ్లిపోయింది. డబ్బులిస్తే ఆ డ్రైవరు తీసుకోలేదు. తర్వాత ఎంత వెతికినా దొరకలేదు. అద్దం మీద మోదకొండమ్మ బొమ్మ ఉన్న నీలం జీపు. ఆ రూట్లో తిరిగేవాళ్లకి ఎవరికైనా తెలిస్తే దయచేసి నాకు చెప్పండి.

రెండో దండం ఘాట్ కింద ఉన్న ప్రభుత్వాస్పత్రికి. ఊరు పేరు రాయొద్దని అక్కడివాళ్లే అడిగారు కాబట్టి రాయను. వెళ్లీ వెళ్లగానే సిస్టరు గారు ఛాతీకి తీగలు అంటించి ఈసీజీ తీశారు. డ్యూటీ డాక్టరు గారికి ముప్ఫై ఏళ్లు కూడా ఉండవు. ఆ కాగితం చూస్తూనే ఆస్పిరిన్ మాత్రలు నమలమని చేతిలో పెట్టి, ఫోటో తీసి విశాఖలో పెద్ద డాక్టరుకి పంపారు. పెద్ద రక్తనాళం మూసుకుపోయిందని తేలింది. ఇలాంటప్పుడు 2 గంటల్లోపు యాంజియోప్లాస్టీ (మూసుకున్న రక్తనాళాన్ని తెరవడం) చేసే చోటికి చేర్చలేమనుకుంటే, గడ్డ కరిగించే ఇంజెక్షన్ అక్కడికక్కడే ఇవ్వాలట. నాకు ఇచ్చింది టెనెక్టెప్లేస్. బయట కొనాలంటే వేలల్లో ఉండే మందు, అక్కడ పైసా అడగలేదు. కాసేపటికి దవడ నొప్పి తగ్గింది. ఆ తర్వాత 108లో విశాఖ. దారిపొడుగునా అంబులెన్సులో రోగిని చూసుకునే ఈఎంటీ కుర్రాడు నాతో మాట్లాడుతూనే ఉన్నాడు, పైలట్ (108 డ్రైవరు) ఒక్క గతుకు తగలనివ్వలేదు. మర్నాడు స్టెంట్ వేశారు.

స్టెంట్ వేసిన పెద్ద ఆస్పత్రికి బోలెడంతమంది థాంక్స్ చెప్తారు, నేనూ చెప్పాను. కానీ నా గుండె కండరం మిగిలింది ఆ మొదటి గంటలో, ఆ చిన్న ఆస్పత్రిలో. అక్కడ ఈసీజీ మిషను పనిచేయకపోయినా, డాక్టరు "గ్యాస్ అయ్యుంటుంది" అని ఇంజెక్షన్ చేసి పంపేసినా నా కథ వేరేలా ఉండేది. "విశాఖలో అన్ని పెద్ద ఆస్పత్రులుండగా ఆ మూల ఊరికెందుకు?" అని అడిగినవాళ్లకి నా జవాబు ఇదే.

ఇక సైకిలు సంగతి. ఇంటికొచ్చేటప్పటికి ఎకో (గుండె స్కానింగ్)లో గుండె పంపింగ్ 40 శాతమే. మెట్లెక్కాలంటేనే భయం. మా ఆవిడ సైకిలుని దుప్పటి కప్పి స్టోర్ రూములో పెట్టేసింది. మా డాక్టరు గారు మాత్రం "మానేయమని ఎవరన్నారు? వరసలో వెళ్దాం" అన్నారు. ముందు నడక, తర్వాత ఫిజియో గారి కళ్ల ముందు కదలని సైకిలు, ఆ తర్వాత టీఎంటీ. ట్రెడ్‌మిల్ మీద 3 నిమిషాలకోసారి వేగం, ఎత్తు పెంచుతారు, మనం ఈసీజీ తీగలతో వేలాడుతూ నడవాలి. అది పాసయ్యాకే రోడ్డు.

నాలాగే తిరిగి తొక్కాలనుకునేవాళ్లకి ఒక మాట. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వేసుకుంటుంటే చేతివాచీలో పాత లెక్కలు పనికిరావు. ప్రాణం పోయేంత ఆయాసంగా ఉన్నా అంకె 110 దాటదు. అందుకని డాక్టరు గారు చెప్పింది మాటల లెక్క: తొక్కుతూ మాట్లాడగలిగితే పర్వాలేదు, మాట మధ్యలో తెగుతుంటే గేరు మార్చు, అప్పటికీ తెగితే దిగిపో. మా సైకిల్ బ్యాచ్ దీన్ని మరీ సీరియస్‌గా తీసుకుంది. భీమిలి రోడ్డులో తొట్లకొండ దగ్గర ఎత్తు వచ్చిందంటే చాలు, పక్కనొకడు చేరి ఎక్కాలు అప్పజెప్పమనేవాడు. పదిహేడో ఎక్కం ఆయాసం లేనప్పుడే నాకు రాదు! ఇంకోటి, రక్తం పల్చబడే మందుల వల్ల చిన్న గీత పడినా కారుతూనే ఉంటుంది. జేబులో దూది, బ్యాండేజీ, మందుల పేర్లు రాసిన చీటీ లేకుండా నన్ను గేటు దాటనిచ్చేవాళ్లు కాదు. వేగంగా వెళ్లగలిగి కూడా నా కోసం నెలల తరబడి నత్తనడక నడిచిన ఆ బ్యాచ్‌కి ఎలా థాంక్స్ చెప్పాలో తెలీదు. టిఫిన్ బిల్లు కట్టనిచ్చినా బాగుండేది.

చివరికి మొన్న ఫిబ్రవరిలో ఆర్కే బీచ్ నుంచి భీమిలి, తగరపువలస, విజయనగరం మీదుగా ఆ ఆస్పత్రి గేటు దాకా తొక్కాం. 80 కిలోమీటర్ల పైచిలుకు. ఘాట్ ఎక్కలేదు, డాక్టరు గారు ఇంకా ఒప్పుకోలేదు. మా ఆవిడ వెనకాల కారులో వచ్చింది. విజయనగరం గంట స్తంభం దగ్గర చెరుకురసం ఇప్పించింది తనే, "నెమ్మది, నెమ్మది" అని హారన్ కొట్టింది కూడా తనే.

కిలోమీటరుకి ఇంత అని మీరు రాసిచ్చిన లెక్కన 4 లక్షలు దాటింది. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కిలోమీటరుకి 2 రూపాయలు రాశాడు, మొత్తం చిల్లరతో సహా ఇచ్చాడు. డల్లాస్‌లో ఉన్న మా మేనకోడలు ఆఫీసులో అందరి దగ్గరా వసూలు చేసి పంపింది. మా ఆవిడ చీటీ పాట బృందం ఒక నెల పాట వాయిదా వేసుకుని మరీ ఇచ్చారు. అమ్మలూ, మీకు ప్రత్యేకంగా నమస్కారాలు.

డబ్బంతా చెక్కుల రూపంలో ఆస్పత్రి అభివృద్ధి సొసైటీ ఖాతాకే వెళ్లింది. ఏం కొనాలో మేం అనుకోలేదు, వాళ్లనే అడిగాం. ఆ రోజు నాకు ఈసీజీ తీసిన సిస్టరు గారే చెప్పారు: "మిషన్లు అందరూ ఇస్తారండీ, ఫోటో బాగుంటుంది. ఈసీజీ పేపరు రోళ్లు ఎవరూ ఇవ్వరు." అందుకే ఒక కొత్త ఈసీజీ మిషను, గుండెకి షాకిచ్చే డీఫిబ్రిలేటరు ఒకటి కొన్నాక, మిగిలిన దాంట్లో ఏడాదికి సరిపడా పేపరు రోళ్లు, జెల్లీ, కరెంటు పోయినా నడవడానికి ఇన్వర్టరు బ్యాటరీ, మిషన్ల మెయింటెనెన్స్ కాంట్రాక్టు పెట్టాం. గోడ మీద దాతల పేర్ల బోర్డు వద్దన్నాం. ఆ బోర్డు ఖర్చుతో ఇంకో పెట్టె రోళ్లు వచ్చాయి.

బిల్లుల కాపీలు కావాల్సినవాళ్లు మా ట్రెజరర్ గారిని అడగండి, పైసాతో సహా చూపిస్తారు. అన్నట్టు, కిలోమీటరుకి ఇంత అని రాసిచ్చి ఇంకా పంపనివాళ్లు కొందరున్నారు. పేర్లు రాయను. ట్రెజరర్ గారే ఫోన్ చేస్తారు. ఆయన బ్యాంకులో రికవరీ సెక్షన్‌లో చేసి రిటైరయ్యారు.